వాసన చూసి రాసిన తీర్పు

రేగులకుంటలో బిక్షపతి అనే గీత కార్మికుడు ఉండేవాడు. ఎంత ఎత్తు తాటిచెట్టుకైనా జంకని ఆ మనిషికి, బల్ల వెనక కుర్చీలో కూర్చున్నవాడు ఏమన్నా సరే, ‘సరే సారూ’ అనడం తప్ప మరో మాట వచ్చేది కాదు.

రేషన్ దుకాణంలో వెనకాల బస్తాలు కనిపిస్తూనే ఉండేవి. డీలరు “ఈ నెల కందిపప్పు రాలేదు” అనేవాడు. “సరే సారూ” అని బిక్షపతి ఖాళీ సంచితో తిరిగొచ్చేవాడు. ఒకసారి తహసీల్దారు ఆఫీసులో అతని వయసు నలభై రెండుకు బదులు యాభై ఆరు అని రాశారు. దానికీ సరే అన్నాడు. ఇంటికి వచ్చాక అతని భార్య అండాలు ఆ కాగితం చూసి నెత్తి కొట్టుకుంది.

“నీ నోట్ల నాలుక లేదా అయ్యా? కాదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతది?” అంది.

“పెద్దోళ్ళతోటి మనకెందుకే లొల్లి” అన్నాడు బిక్షపతి.

ఊళ్ళోవాళ్ళు దాన్ని మంచితనం అనేవారు. నేను మాత్రం అనను. మంచితనం వేరు, భయం వేరు. ఈ రెండూ ఒకే చొక్కా తొడుక్కుని తిరుగుతాయి కాబట్టి మనం పోల్చుకోలేం, అంతే.

బిక్షపతి రోజూ తెల్లవారకముందే మోకు భుజాన వేసుకుని వెళ్ళేవాడు. మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. పొద్దున పద్నాలుగు చెట్లు, సాయంత్రం మళ్ళీ అవే పద్నాలుగు. కల్లు గీసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. చివరి చెట్టు దిగేదాకా నోట్లో చుక్క పోసుకోరు. పోసుకున్నవాడితో కలిసి తోటివాళ్ళు పనికి పోరు. ప్రాణమంతా ఒక తాడు మీద వేలాడుతుంటే మత్తుతో ఆటలాడేది ఎవడు? బిక్షపతికి ఆ కట్టుబాటు తండ్రి నేర్పాడు. పదహారో ఏటి నుంచీ అతను దాన్ని తప్పలేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందు, ఒక మంగళవారం పొద్దున, తొమ్మిదో చెట్టు దిగుతుండగా మోకు తెగింది. రెండు నిలువుల ఎత్తు నుంచి బిక్షపతి కింద పడ్డాడు. ఎడమ తొడ ఎముక విరిగింది. నడుముకు కట్టుకున్న లొట్టి నిండా కల్లు ఉంది. ఆ కుండ అతని మీదే పగిలి, తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయాడు. పక్క చెట్ల మీద ఉన్న ఇద్దరు దిగొచ్చి, అంబులెన్సు పిలిపించి, అతన్ని జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి చేర్చారు.

అత్యవసర విభాగంలో ఒక కుర్ర డాక్టరు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

“ఎంత తాగావయ్యా?” అన్నాడు.

బిక్షపతి నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు.

“తాగే అలవాటుందా?”

“ఉంది సారూ.”

“అయితే తాగే పడ్డావన్నమాట.”

“సరే సారూ” అన్నాడు బిక్షపతి.

డాక్టరు రెండు ముక్కలు రాశాడు. ‘కల్లు వాసన వస్తోంది. తాగినట్టు రోగి ఒప్పుకున్నాడు.’ కింద వేలిముద్ర వేయించుకున్నారు. రక్తం తీసి పరీక్షకు పంపితే నిజం తేలిపోయేది. ఎవరూ పంపలేదు. కల్లు గీసేవాడి ఒంటి మీద కల్లు వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అని కూడా ఎవరూ అనుకోలేదు.

మర్నాడు ఎముకల డాక్టరు ఫొటో తీయించి చూశాడు. అండాలును పిలిచి విడమరిచి చెప్పాడు.

“తొడ ఎముకలో కడ్డీ వేయాలమ్మా. పది రోజులలోపు వేసేస్తే ఎప్పటిలా నడుస్తాడు. ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుంది. ఆపైన చెట్టు సంగతి దేవుడెరుగు, నేల మీద నడవడమే కష్టం. మీకు సర్కారు ఆరోగ్య బీమా కార్డు ఉందిగా, అనుమతికి పంపాను. రాగానే ఆపరేషన్ చేసేస్తాను.”

అండాలు కార్డును కొంగున కట్టుకుని కూర్చుంది. పేదవాళ్ళకు జబ్బు చేస్తే వైద్యం ఉచితమని ఆ కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉంది. పచ్చని పొలాల బొమ్మ కూడా ఉంది.

గురువారం మధ్యాహ్నం ఆసుపత్రిలోనే ఉన్న బీమా బల్ల దగ్గరికి ఆమెను పిలిచారు. అక్కడ శ్రీధరాచారి అనే ఉద్యోగి కంప్యూటరు వైపు చూస్తూ మాట్లాడాడు.

“మీ కేసు పోయిందమ్మా. తాగి చేసుకున్న ప్రమాదాలకు పథకం వర్తించదు.”

“ఆయన తాగలేదు సారూ!”

“తాగినట్టు ఆయనే ఒప్పుకున్నాడు. వేలిముద్ర కూడా ఉంది. ఇక నేను చేసేదేం లేదు. మంచం ఖాళీ చేయండి.”

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగాడంటారని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ మనిషి పాపం పాలు కూడా తాగలేదు. తొడ విరగ్గొట్టుకున్నాడు. అయినా ఎక్కడో ఒక చల్లని గదిలో, తాటిచెట్టును దగ్గర్నుంచి చూడని బీమా అధికారి ఒకడు అతన్ని తాగుబోతుగా తేల్చేశాడు. దానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? ఆ ఫైలు తెరిచి మూసిన సమయం కంప్యూటరులోనే ఉంది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి.

శ్రీధరాచారి మంచం దగ్గరికే వచ్చి డిశ్చార్జి కాగితం చాపాడు. బిక్షపతి పైకప్పు వైపు చూస్తూ “సరే సారూ” అన్నాడు. బొటనవేలు ముందుకు చాపాడు కూడా. “ఊళ్ళె కట్టు కట్టిచ్చుకుంట తీయ్” అన్నాడు భార్యతో. ఏం చేయాలో తోచక అండాలు ఆటో కోసం బయటికి నడిచింది.

గుమ్మం దగ్గర రాహేలు అనే నర్సు ఎదురొచ్చింది. రెండు రోజులుగా బిక్షపతికి సూదులు వేస్తున్నది ఆమే.

“అక్కా, గా కాలుతోని ఆయన్ను ఏడికి తీస్కపోతున్నవ్?” అని అడిగింది.

అండాలు సంగతంతా చెప్పింది.

“కాదన్న కాగితం ఇచ్చిండ్రా?”

“కాగితమా? నోటితోనే చెప్పిండు.”

“నోటి మాట చెల్లదక్కా. ఎందుకు కాదన్నరో రాసియ్యాలె. ఆ కాగితం ఎనక దిక్కు సన్నటి అక్షరాలుంటయి. ఏడు రోజుల్ల జిల్లా కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చని. మళ్ళ చూడండ్రని అడుగుడే అప్పీలంటే. వీళ్ళు గది మాత్రం చెప్పరు. ముందుగాల పోయి గా వేలిముద్ర ఆపు.”

అండాలు పరుగెత్తింది. వేలికి సిరా అంటి ఉంది, కాగితానికి ఇంకా అంటలేదు. ఆమె భర్త చేతిని పట్టుకుని వెనక్కి లాగి, కొంగుతో సిరా తుడిచేసింది.

“కాదన్నట్టు రాసియ్యి సారూ. అప్పుడు పోతం” అంది.

“అలా రాసివ్వడం ఇక్కడ పద్ధతి కాదు” అన్నాడు శ్రీధరాచారి.

“మరి మంచం ఖాళీ చేసుడు మా పద్ధతి కాదు.”

ఆమె వెళ్ళి బీమా బల్ల పక్కనే నేల మీద కూర్చుంది. సాయంత్రం ఆఫీసు మూసేదాకా కూర్చుంది. శుక్రవారం తెరవగానే మళ్ళీ వచ్చి కూర్చుంది. వచ్చిన ప్రతివాడూ “ఏమైందమ్మా?” అని అడిగేవాడు. ఆమె ప్రతివాడికీ మొదటి నుంచి చివరి దాకా చెప్పేది. కల్లు అమ్మే మండువలో కూర్చుని పాతికేళ్ళుగా వందమందితో బేరమాడిన గొంతు అది. మెల్లగా మాట్లాడటం దానికి రాదు. పదకొండు గంటలకు శ్రీధరాచారి తల పట్టుకుని కాగితం అచ్చు తీసి ఇచ్చాడు. రాహేలు చెప్పినట్టే వెనక ఉంది ఆ వాక్యం, చీమ తలకాయంత అక్షరాలతో. ‘లేదు’ అన్న మాట మాత్రం ముందువైపు వేలెడంత లావున ఉంది. హక్కును చీమంత చేసి, తిరస్కారాన్ని ఏనుగంత చేసి అచ్చు వేసినవాడికి సిగ్గుండాలి.

ఆ మధ్యాహ్నమే ఆమె కలెక్టరాఫీసులోని కమిటీ గదికి వెళ్ళింది. రాహేలు రాసిపెట్టిన అర్జీ ఇచ్చింది. గుమాస్తా చదివి అన్నాడు:

“కమిటీ బుధవారమే కూర్చుంటుంది. పేషెంటు స్వయంగా రావాలి.”

“తొడ ఇరిగి మంచంల ఉన్నడు సారూ.”

“రూలు రూలే.”

విన్నారా? తొడ విరిగినవాడు తన కాళ్ళ మీద నడిచి వచ్చి, తన తొడ విరిగిందని చెప్పుకోవాలట. ఈ రూలు రాసినవాడికి ఒక్క రోజైనా కాలు బెణికి ఉండదు.

అండాలు ఆ జవాబు కూడా రాసిమ్మని అడిగింది. ఆ మాట వినగానే గుమాస్తా నసిగాడు. “సరేలే, నువ్వే రా” అన్నాడు. రాసిమ్మంటే రూళ్ళు ఎలా మెత్తబడతాయో ఆమెకు అప్పుడే తెలిసింది.

శనివారం తోటి గీత కార్మికుడు సత్తయ్య ఆసుపత్రికి వచ్చాడు. వరసకు బావమరిది.

“బావా, ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోకు. తాగి ఎక్కినవని సర్కారు కాగితంలనే రాసిండ్రంట గదా. ఊళ్ళె గదే అంటున్నరు. కట్టుబాటు తప్పినోడంట” అన్నాడు.

బిక్షపతి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కాలు విరిగినప్పుడు కూడా అతను ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాడు. ఇరవై ఆరేళ్ళు ఒక్క చుక్క ముట్టకుండా చెట్టెక్కిన మనిషి పేరును, ముక్కుకు గుడ్డ పెట్టుకున్నవాడు రెండు ముక్కలతో తుడిచేశాడు. దాని కింద వేలిముద్ర వేసింది మాత్రం తనే.

బుధవారం వచ్చింది. పడిన రోజుతో కలిపి తొమ్మిదో రోజు. ఇల్లు గడవాలని ముందు రోజే ఊరికి వచ్చిన అండాలు తెల్లవారుజామునే మండువలో సత్తయ్య గీసి తెచ్చిన కల్లు కుండలు వంచి, వచ్చినవాళ్ళకు పోసి, చీర మార్చుకునే తీరిక లేక అలాగే మొదటి బస్సెక్కింది.

కమిటీలో ముగ్గురు ఉన్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన డాక్టరు శశిభూషణ్. అండాలు బల్ల దగ్గరికి రాగానే ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

“ఏంటమ్మా ఇది? ఆఫీసుకు తాగొచ్చావా?”

“నేను పుట్టి బుద్ధెరిగినకాడికెళ్ళి ఒక్క చుక్క ముట్టలేదు సారూ. పొద్దుగాల కల్లు అమ్ముకుని వస్తున్న.”

“మరి ఈ వాసన?”

“గదే అడుగుదామని వచ్చిన సారూ. ఇప్పుడు నేను మీ ఆఫీసు మెట్ల మీద జారి పడి కాలిరగ్గొట్టుకుంటే, తాగి పడ్డదని రాస్తరా?”

కుడివైపు కూర్చున్న ఆయన ఫైలులోకి తల దించుకున్నాడు. శశిభూషణ్ కాగితాలు తిరగేశాడు. మొత్తం నాలుగే ఉన్నాయి. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చూశాడు.

“రక్త పరీక్ష రిపోర్టు ఏదీ?” అని గుమాస్తాను అడిగాడు.

“లేదు సార్. చేయలేదు.”

“మరి కాదన్నవాళ్ళు దేన్ని చూసి కాదన్నారు?”

గుమాస్తా ఆ ఒప్పుకోలు కాగితం వైపు వేలు చూపించాడు. శశిభూషణ్ వేలిముద్ర ఉన్న కాగితం పైకెత్తాడు.

“కానీ అమ్మా, తాగినట్టు మీ ఆయనే ఒప్పుకున్నాడు కదా. దీన్ని కాదనేదెలా?”

“మా ఆయన అన్నిటికీ సరే అంటడు సారూ. నువ్వు మొగోడివి కాదు, ఆడదానివంటే గూడ సరే సారూ అంటడు.”

“అయితే ఆయన్నే అడుగుదాం” అన్నాడు పెద్దాయన. ఫోను తెప్పించి, రాహేలు ఫోనుకు వీడియో కలిపించాడు. తెర మీద బిక్షపతి కనిపించాడు. కాలికి బరువులు వేలాడుతున్నాయి. గడ్డం మాసిపోయి ఉంది.

అండాలు తెర మీదికి వంగింది. ఇన్నాళ్ళ కాపురంలో కుర్చీలో కూర్చున్న మనిషికి అతను ఎదురు చెప్పగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఒక్క ‘సరే సారూ’ అన్నాడా, వారం రోజుల తిరుగుడు మట్టిగొట్టుకుపోతుంది. కాలూ పోతుంది.

“బిక్షపతీ, నేను కమిటీ పెద్దను మాట్లాడుతున్నాను. తాగి చెట్టెక్కి పడ్డానని నువ్వే ఒప్పుకున్నట్టు ఇక్కడ రాసి ఉంది. అంతేనా?”

బిక్షపతి పెదవులు కదిలాయి.

“కాదు సారూ” అన్నాడు.

“ఏమిటీ?”

“కాదు సారూ! ఆఖరి చెట్టు దిగేదాక నేను చుక్క ముట్ట. ఆ రాసిన సారు నువ్వు తాగినవా అని నన్ను అడగనే లేదు. ఎంత తాగినవని అడిగిండు. అలవాటుందా అంటే ఉందన్న. దినమంత పని చేసి మాపటికి తాగుత, అబద్ధమెందుకు చెప్పాలె? తాగే పడ్డవంటే గా నొప్పిల సరే అన్న. గది నా తప్పే. మిగిలిన తప్పు నాది కాదు సారూ. నా కుండ నా మీద పగిలింది, గందుకు వాసనొచ్చింది. ఏడికెళ్ళి వచ్చిందని ఒక్కలన్న అడగాలె గదా?”

ఒకసారి నోరు తెరుచుకున్నాక ఆగలేదు. చెట్లెన్ని ఎక్కాడో, మోకు ఎక్కడ తెగిందో, పక్క చెట్ల మీద ఎవరున్నారో అన్నీ చెప్పాడు. అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు.

శశిభూషణ్ ఫోను పక్కన పెట్టాడు. తిరస్కరించిన కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, తాగినట్టు రుజువు లేదని, ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వాలని రాశాడు. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆ రోజు ఆ బల్ల మీద అలాంటి ఫైళ్ళు నలభైకి పైగా ఉన్నాయి, బయట వరండాలో మనుషులు మాత్రం ఆరుగురే ఉన్నారు. మిగిలినవాళ్ళంతా ఎక్కడున్నారు? ‘సరే సారూ’ అని ఇళ్ళకు పోయారు.

ఇక కష్టాలు తీరాయనుకుంటున్నారా? ఆయన సంతకం కంప్యూటరులోకి ఎక్కడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. ఆదివారం సెలవు. సోమవారం, పద్నాలుగో రోజున ఆపరేషన్ జరిగింది. ఎముకల డాక్టరు చేయగలిగినంతా చేశాడు. బిక్షపతి లేచి నడిచాడు. కానీ ఎడమ కాలు బొటనవేలంత మేర పొట్టిదైంది. మళ్ళీ చెట్టెక్కకూడదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఇరవై ఆరేళ్ళ విద్య అది. పరీక్ష చేయని ఒక డాక్టరు, చదవని ఒక అధికారి, చెప్పని ఒక ఉద్యోగి, ముగ్గురూ కలిసి దాన్ని నేలపాలు చేశారు. ముగ్గురిలో ఒక్కరికీ ఒక పూట జీతం కూడా తగ్గలేదు.

ఆసుపత్రి నుంచి వెళ్ళే రోజున శ్రీధరాచారి నవ్వుతూ ఎదురొచ్చాడు.

“మొత్తానికి పనైపోయింది కదా. సంతోషంగా వెళ్ళిరా” అన్నాడు.

బిక్షపతి చేతికర్ర ఆనించుకుని ఆగాడు.

“సంతోషమెట్లయితది సారూ? ఆ కాగితం ఎనక ఏం రాసున్నదో మొదటి రోజే చెప్తే నా కాలు నాకుండేది. మళ్ళొచ్చేటోళ్ళకన్న చెప్పుండ్రి. చెప్తమని నాకు మాటియ్యిండ్రి” అన్నాడు.

శ్రీధరాచారి నవ్వు ఆగిపోయింది. పక్కన వరుసలో నిలబడ్డవాళ్ళు కాగితాలు వెనక్కి తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒక ముసలమ్మ ముందుకు వచ్చి, “నాకూ కాదన్నరు బిడ్డా, ఏం జేయాలె?” అని బిక్షపతిని అడిగింది. అతను కర్ర గోడకు ఆనించి, ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని, ఆమె చేతిలోని కాగితం తీసుకుని వెనక్కి తిప్పి, ఆ సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. ఊరి బస్సు పోతుందని అండాలు తొందరపెట్టలేదు.

నీతి: అధికారి కాదన్నంత మాత్రాన మన హక్కు పోదు, ఎందుకు కాదో రాసిమ్మని అడగాలి, అది అబద్ధమైతే వెంటనే ఎదురు చెప్పాలి, ఎందుకంటే అన్యాయానికి ‘సరే’ అనడం దాని కింద మనమే వేలిముద్ర వేయడం.